కంపెనీకి డబ్బు ఇచ్చే ముందు రేటింగ్‌ను ఎలా చదవాలి? మిగతావి ఎలా సరిచూసుకోవాలి?

"ఫలానా కంపెనీలో డిపాజిట్ వేద్దామనుకుంటున్నాం, మంచి రేటింగ్ ఉందట, పర్వాలేదా?" నెల తిరిగేసరికి ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, నేను ఏ వరసలో చూస్తానో మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఒక పూట కూర్చుంటే అయిపోయే పని ఇది. లెక్కల చదువు అక్కర్లేదు. రేటింగ్ అంటే, తీసుకున్న అప్పు కంపెనీ వేళకు తీరుస్తుందా లేదా అని ఏజెన్సీలు అక్షరాల్లో చెప్పే అంచనా.

దీని మీద నాకింత పట్టింపు రావడానికి కారణం మా పిన్ని. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో 4 లక్షలు తీసి ఒక ఫైనాన్స్ కంపెనీలో వేసింది. ఏజెంటు వాళ్ల వీధిలోవాడే. బ్రోచర్ అట్ట మీద బంగారు రంగులో రేటింగ్ అక్షరాలు మెరుస్తున్నాయి. ఏడాదిన్నర వడ్డీ ఠంచనుగా వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. అప్పుడు ఆ బ్రోచర్ నా చేతికొచ్చింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే, వెనక అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఆ రేటింగ్ కంపెనీ ఒక బ్యాంకులో తీసుకున్న అప్పుకి ఇచ్చింది. అదీ పిన్ని డబ్బు కట్టడానికి రెండేళ్ల కిందటిది. ఆమె వేసిన డిపాజిట్‌కి రేటింగే లేదు. బ్రోచర్లో అబద్ధమేమీ రాయలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కంపెనీ పూర్తి పేరు. బోర్డు మీద ఉన్నది కాదు, రశీదు మీద అచ్చయ్యేది.
- సీఐఎన్ నంబరు, అంటే కంపెనీ గుర్తింపు సంఖ్య. కంపెనీ లెటర్‌హెడ్ మీద 21 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది.
- ఆర్‌బీఐ, రెరా (ఇళ్లు, స్థలాల ప్రాజెక్టుల నియంత్రణ సంస్థ), చిట్ రిజిస్ట్రార్, సెబీ (షేర్లు, పెట్టుబడుల మార్కెట్ నియంత్రణ సంస్థ), వీటిలో ఏది వర్తిస్తే ఆ రిజిస్ట్రేషన్ నంబరు.
- ఖాళీ దరఖాస్తు ఫారం, వెనకున్న షరతులతో సహా.
- రేటింగ్ ఉందంటే, ఇచ్చిన ఏజెన్సీ పేరు, తేదీ.
- ఒక నోటు పుస్తకం, కంపెనీ పత్రాలు చూడటానికి 100 రూపాయలు.

ఇవి అడిగినప్పుడు "ఏంటి సార్, మా మీద నమ్మకం లేదా?" అనే మాట వస్తే ఆ రోజుకి డబ్బు కట్టకుండా ఇంటికి వచ్చేయండి. నిక్కచ్చిగా వ్యాపారం చేసేవాళ్లకు ఈ కాగితాలు ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టదు.

1. వడ్డీని ఏడాది శాతంలోకి మార్చండి

మన దగ్గర "రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకు నూటికి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. జనం నుంచి డిపాజిట్లు తీసుకునే ఫైనాన్స్ కంపెనీలు ఏడాదికి 12.5 శాతానికి మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. అంటే రూపాయి వడ్డీ దాటితే మిగిలేది పైసల్లోనే. రూపాయి పావలా ఇస్తామన్నా పరిమితి దాటేసినట్టే. గడువు కూడా 12 నెలలకు తగ్గకూడదు, 60 నెలలకు మించకూడదు. డిపాజిట్ వేస్తే బహుమతులు ఇస్తామనడమూ కుదరదు. "వెండి గ్లాసు ఇస్తున్నారండీ" అన్నారంటే అదే మీకు మొదటి హెచ్చరిక.

ఇక్కడే తేడా కనిపిస్తే మిగతా మెట్లు చూడనక్కర్లేదు.

2. డబ్బు తీసుకోవడానికి వాళ్లకు ఎవరి అనుమతి ఉంది?

రేటింగ్ కంటే ముందు చూడాల్సింది ఇదే. ఒక్కో రకానికి ఒక్కో చోట చూడాలి.

ఫైనాన్స్ కంపెనీ అయితే ఆర్‌బీఐ సైట్‌లో జాబితాలున్నాయి. ఆర్‌బీఐ దగ్గర నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలన్నీ (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) డిపాజిట్లు తీసుకోలేవు. ఎక్కువ వాటికి అప్పులివ్వడానికే అనుమతి. "ఆర్‌బీఐ రిజిస్టర్డ్" అని చూపించే సర్టిఫికెట్లో డిపాజిట్లు తీసుకోకూడదన్న షరతు కూడా ఉండొచ్చు, ఆ లైను వెతకండి. ఆర్‌బీఐ వాళ్లదే సచేత్ అనే పోర్టల్ ఉంది. కంపెనీ పేరు కొట్టి చూడొచ్చు, అక్కడే ఫిర్యాదూ చేయొచ్చు.

చీటీ అయితే జిల్లా చిట్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఆ గ్రూపుకి ముందస్తు అనుమతి ఉందా, చీటీ మొదలుపెట్టే సర్టిఫికెట్ వచ్చిందా అని గ్రూపు నంబరుతో అడగండి. కంపెనీకి పేరుంది కదా అని వదిలేయకండి, అనుమతి గ్రూపు గ్రూపుకీ విడిగా ఉండాలి. చీటీ నడిపేవాళ్ల కమీషన్ 7 శాతం దాటకూడదు.

ఫ్లాటు, ప్లాటు అయితే తెలంగాణ రెరా, ఏపీ రెరా సైట్లు. 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుకు రెరా నంబరు రాకుండా ప్రకటన కూడా వేయకూడదు. అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. "ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం ఇప్పుడే కడితే సగం ధర" అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

సొసైటీలతో మరీ జాగ్రత్త. మ్యాక్స్ సొసైటీలు (పరస్పర సహాయ సహకార సంఘాలు), పరపతి సంఘాలు మిమ్మల్ని ముందు సభ్యుడిగా చేర్చుకుని ఆ తర్వాత డిపాజిట్ తీసుకుంటాయి. పేరు వింటే బ్యాంకులా ఉంటుంది, బ్యాంకు డిపాజిట్‌కి ఉండే 5 లక్షల బీమా మాత్రం ఉండదు.

డిపాజిట్ అనే మాట వాడకుండా డబ్బు వసూలు చేసేవాళ్లూ ఉన్నారు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ తీసుకున్నది ప్లాట్ల పేరుతోనే. గడువు తీరాక స్థలమైనా తీసుకోవచ్చు, పెరిగిన డబ్బైనా తీసుకోవచ్చు అన్నారు. సుమారు 32 లక్షల మంది, 6 వేల కోట్లకు పైగా. అలాంటి పథకానికి సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, వాళ్లకు లేదు. కూలి డబ్బుల్లోంచి నెలకింత కట్టినవాళ్లు అందులో ఎందరో.

3. సీఐఎన్ నంబరును విడదీసి చదవండి

ఇది నాకు బాగా ఇష్టమైన మెట్టు. అర నిమిషం చాలు. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీ, యు అయితే కాదు. తర్వాత ఐదంకెలు వ్యాపారం రకం, ఆ పక్కన రెండక్షరాలు రాష్ట్రం, ఆ తర్వాత నాలుగంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. "ముప్పై ఏళ్ల నమ్మకం" అని బోర్డు పెట్టిన కంపెనీ నంబరులో 2021 కనిపిస్తే ఆ ముప్పై ఏళ్లు ఎవరివో అడగండి. ఏ తండ్రిదో పాత దుకాణం అయ్యుండొచ్చు, అది తప్పు కాదు. కానీ మీరు డబ్బిచ్చేది ఆ దుకాణానికి కాదు.

సంవత్సరం తర్వాత మూడక్షరాలు చూడండి. పీటీసీ అంటే ప్రైవేట్ లిమిటెడ్. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మామూలు జనం నుంచి డిపాజిట్లు తీసుకోకూడదు. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అన్నా, పార్ట్‌నర్‌షిప్ సంస్థ అన్నా అంతే.

4. ఎంసీఏ సైట్‌లో కంపెనీ వివరాలు చూడండి

ఎంసీఏ అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ. ఆ సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా ఉచితం, లాగిన్ అడిగితే చేసుకోండి. స్టేటస్ దగ్గర యాక్టివ్ అని ఉండాలి. పెయిడప్ క్యాపిటల్, అంటే వాటాదారులు పెట్టిన మూలధనం ఎంతో నోట్ చేసుకోండి. లక్ష రూపాయల మూలధనంతో ఉన్న కంపెనీ కోట్ల డిపాజిట్లు అడుగుతోందంటే, పోయేది మీ డబ్బే గాని వాళ్లది కాదు. చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ చూడండి. మార్చి 31 లెక్కలు మామూలుగా ఆ ఏడాది నవంబరుకల్లా దాఖలవుతాయి. రెండేళ్లుగా లెక్కలు పెట్టని కంపెనీ మీద ఇంకేమీ చూడక్కర్లేదు.

అదే డైరెక్టర్లు ఇంకెన్ని కంపెనీల్లో ఉన్నారో కూడా కనిపిస్తుంది. ఒకే అడ్రసులో పదిహేను కంపెనీలుంటే జాగ్రత్త. మీ డబ్బు ఏ కంపెనీలోంచి ఏ కంపెనీలోకి వెళ్తుందో పట్టుకోవడం కష్టం.

5. రేటింగ్ చదవడం

అడిగేవాళ్లంతా తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

*ముందు ఏజెన్సీ ఎవరో చూడండి.* అప్పుల మీద రేటింగ్ ఇవ్వాలంటే సెబీ దగ్గర నమోదై ఉండాలి. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: క్రిసిల్, ఇక్రా, కేర్, ఇండియా రేటింగ్స్, అక్యుటే, బ్రిక్‌వర్క్, ఇన్ఫోమెరిక్స్. ఈ పేర్లు కాకుండా ఇంకేదైనా "గ్లోబల్ రేటింగ్" అని ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

*తర్వాత మెట్లు.* మన బడుల్లో ఏ గ్రేడ్ అంటే ఫస్టు. ఇక్కడ ఒంటి ఏ అంటే మూడో మెట్టు. పైన ట్రిపుల్ ఏ, దాని కింద డబుల్ ఏ, ఆ తర్వాత ఏ, ట్రిపుల్ బి. ట్రిపుల్ బి మైనస్ దాకా పెట్టుబడికి పనికొచ్చేవిగా లెక్క. డబుల్ బి నుంచి కిందకు ప్రమాదమే. డి అంటే ఇప్పటికే ఎగ్గొట్టారని. ఏడాదిలోపు అప్పులకు ఏ1, ఏ2, ఏ3, ఏ4 అని వేరే కొలత ఉంది. ఏ4 చూడ్డానికి బాగుంటుంది గాని దాని కింద మిగిలింది డి ఒక్కటే.

*రేటింగ్ దేనికిచ్చారు, ఎప్పుడిచ్చారు?* బ్రోచర్ నమ్మకండి. ఏజెన్సీ సైట్‌కి వెళ్లి కంపెనీ పేరు కొట్టండి. రేటింగ్ రేషనేల్ అనే పత్రం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏ అప్పుకి ఏ రేటింగ్ అనేది పట్టిక వేసి ఉంటుంది. మీరు కొనేది ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే ఆ పట్టికలో ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్న వరుస ఉండాలి, ఎన్‌సీడీ (కంపెనీ జనానికి అమ్మే అప్పు పత్రం) అయితే ఎన్‌సీడీ అని ఉండాలి. తేదీ ఏడాది దాటితే పాతదే అనుకోండి. మా పిన్ని విషయంలో ఈ ఒక్క పని చేసుంటే 4 లక్షలు ఇంట్లోనే ఉండేవి.

*అక్షరాల పక్కనున్న మాటలు చదవండి.* స్టేబుల్, నెగెటివ్, వాచ్ అని ఉంటాయి. నెగెటివ్ అంటే దిగొచ్చని ముందే చెప్తున్నారు. వాచ్ అంటే రేటింగ్‌ని పరిశీలనలో పెట్టారని. "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని ఉంటే కంపెనీ ఏజెన్సీకి లెక్కలు ఇవ్వడం మానేసింది. ఆ మాట ఉన్నచోట ముందున్న అక్షరాలు ఎంత గొప్పవైనా నేనైతే రూపాయి పెట్టను.

*ఇప్పుడు బలహీనతల పేరా.* రేషనేల్‌లో బలాలు, బలహీనతలు విడిగా రాస్తారు. రేటింగ్‌కి ఫీజు కట్టేది ఆ కంపెనీయే. అందుకే అక్షరాల దగ్గర మొహమాటం ఉండొచ్చు. కానీ మనకు ఎప్పటికీ చూపించని లెక్కలు ఏజెన్సీవాళ్లు లోపల కూర్చుని చూస్తారు. చూసింది బలహీనతల కింద ఏదో ఒక వాక్యంలో బయటపెడతారు. లిక్విడిటీ దగ్గర "స్ట్రెచ్డ్" అని ఉంటే చేతిలో డబ్బుకు కటకటగా ఉందని అర్థం. రేటింగ్ ఎప్పుడు తగ్గిస్తామో కూడా కింద రాస్తారు. నా మట్టుకు నాకు, అక్షరాల కంటే ఈ రెండు పేరాలే విలువైనవి.

*చివరి పేజీలో చరిత్ర.* గత మూడేళ్లలో రేటింగ్ ఎక్కిందా దిగిందా చూడండి. ఎక్కుతూ వచ్చిన ట్రిపుల్ బి, దిగుతూ వచ్చిన ఏ పక్కపక్కన ఉంటే నేను మొదటిదాన్నే చూస్తాను.

ఇంతా చేసి రేటింగ్‌ని ఎంతవరకు నమ్మాలి? పై మెట్లలో ఎగవేతలు చాలా తక్కువ, కిందికి దిగేకొద్దీ పెరుగుతాయి. ఏజెన్సీలు ప్రచురించే లెక్కలే ఆ మాట చెప్తాయి. అందుకే రేటింగ్ పనికిరాదని కొట్టేయను. కానీ రేటింగ్ కదిలేసరికి ఆలస్యమైపోయిన సందర్భాలు మన కళ్లముందే ఉన్నాయి. రోడ్లలాంటి ప్రాజెక్టులకు అప్పులిచ్చే ఐఎల్‌ఎఫ్‌ఎస్‌కి 2018 జులైలో ట్రిపుల్ ఏ ఉంది, సెప్టెంబరు ముగిసేసరికి డి. అప్పు 90 వేల కోట్లకు పైనే. ఆ రేటింగులిచ్చిన ఏజెన్సీలకు సెబీ తర్వాత జరిమానాలు వేసింది. ఇళ్ల అప్పులిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్‌కి 2019 జనవరిలో ట్రిపుల్ ఏ, జూన్‌లో డి. రేటింగ్ చూసి డిపాజిట్ వేసిన పెద్దవాళ్లలో చాలామందికి అసలు కూడా పూర్తిగా చేతికి రాలేదు. కాబట్టి ట్రిపుల్ ఏ అయినా సరే, పోతే తట్టుకోగలిగినంతే ఒక కంపెనీలో పెట్టండి. పెళ్లికి, చదువుకి, ఆపరేషన్‌కి దాచినది మాత్రం వద్దు.

6. లెక్కలు, కోర్టు కేసులు

100 రూపాయలు కడితే ఎంసీఏలో కంపెనీ దాఖలు చేసిన పత్రాలు కనిపిస్తాయి. అందులో మూడే చూడండి. ఆడిటర్ నివేదికలో "క్వాలిఫైడ్" అన్న మాట ఉందా (వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది గాని, లెక్కల మీద అభ్యంతరం ఉందని అర్థం)? ఆడిటర్ మధ్యలో రాజీనామా చేశాడా? వ్యాపారంలోంచి వచ్చిన నగదు వరుసగా మైనస్‌లో ఉందా?

తర్వాత ఈ-కోర్ట్స్ సైట్‌లో కంపెనీ పేరుతో వెతకండి. చెక్ బౌన్స్ కేసులు గుట్టగా ఉంటే, అందులో ఆ కంపెనీ ఫిర్యాదుదారా నిందితుడా చూసుకోండి. అప్పులిచ్చే కంపెనీ వందల కేసులు వేయడం మామూలే. దాని మీదే కేసులుంటే ఆలోచించాలి.

7. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లను వెతికి మాట్లాడండి

వడ్డీ అందుకుంటున్నవాళ్లు అందరూ బాగుందనే చెప్తారు. మీకు కావాల్సింది గడువు తీరాక అసలు వెనక్కి తీసుకున్న మనిషి. ఎన్ని రోజులు తిప్పారు, "రెన్యూ చేసుకోండి" అని ఎంత ఒత్తిడి చేశారు అని అడగండి. ఏజెంటు పరిచయం చేసినవాళ్లు కాక మీ అంతట మీరు వెతికినవాళ్లు ఇద్దరైనా ఉండాలి. ఏజెంటుకి కమీషన్ ఎంతో కూడా నేరుగా అడిగేయండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

సర్టిఫికెట్లన్నీ ఒకటే అనుకోవడం మొదటిది. ఐఎస్‌ఓ 9001 పని పద్ధతి గురించి చెప్తుంది, డబ్బు తిరిగొస్తుందో లేదో చెప్పదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారాలు ఎవరికి వారు వివరాలు నింపుకుని ఉచితంగా తీసుకునేది. జీఎస్‌టీ నంబరు పన్ను కోసం. ఇవన్నీ ఫ్రేములు కట్టించి గోడకు తగిలిస్తే ఆఫీసు నిండుగా కనిపిస్తుంది, అంతే.

అవార్డులు చూసి నమ్మడం రెండోది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది: సత్యం కంప్యూటర్స్‌కి 2008లో మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఆయనే రాశారు.

గూగుల్ స్టార్లు చూసి డిపాజిట్ వేయడం మూడోది. హోటల్‌కి, మెకానిక్ షెడ్డుకి స్టార్లు కొంతవరకు పనికొస్తాయి. అక్కడ కూడా ఒకే వారంలో వచ్చిపడిన ఐదు స్టార్ల రివ్యూలు పక్కన పెట్టి, మూడు స్టార్లు ఇచ్చి వివరంగా రాసినవాళ్లను చదవండి. డబ్బు దాచే చోటుకి మాత్రం స్టార్లు కొలత కానే కాదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. ట్రిపుల్ బి రేటింగ్‌ని బీబీబీ అని రాస్తారు కదా, అక్కడి బెటర్ బిజినెస్ బ్యూరోని కూడా బీబీబీ అనే పిలుస్తారు. అది ఫిర్యాదులకు కంపెనీ ఎలా స్పందిస్తోందన్న లెక్కతో గ్రేడు ఇచ్చే సంస్థ. ఇల్లు రిపేరు కాంట్రాక్టర్‌ని పెట్టుకునే ముందు చూడొచ్చు. అప్పు రేటింగ్‌లో ట్రిపుల్ బి వేరు, అది వేరు.

సరిగ్గా చూశామా అని తెలుసుకోవడం ఎలా?

నోటు పుస్తకంలో ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాయండి. నా డబ్బు తీసుకునే కంపెనీ పూర్తి పేరేంటి? తీసుకునే అనుమతి ఎవరిచ్చారు, నంబరెంత? నేను కొంటున్నదానికే రేటింగ్ ఉందా, తేదీ ఎప్పుడు? ఏజెన్సీ రాసిన పెద్ద బలహీనత ఏంటి? మధ్యలో తీసేస్తే ఎంత కోస్తారు? ఒక్కదానికైనా "ఏజెంటు చెప్పాడు" అన్నదే జవాబైతే ఆ మెట్టు మళ్లీ చూడండి. జవాబులన్నీ మీరు స్వయంగా చూసిన కాగితం నుంచి రావాలి.

ఇంత తిరగలేం అనుకునేవాళ్లు బ్యాంకు డిపాజిట్‌తో సరిపెట్టుకోండి. ఒక బ్యాంకులో ఒకరి పేరు మీద అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది. 60 దాటినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా వేసుకోవచ్చు.

డబ్బు పెట్టేశాక

ఆరు నెలలకోసారి రేషనేల్ మళ్లీ తెరిచి చూడండి. ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. రేటింగ్ రెండు మెట్లు దిగినా, ఏజెన్సీ మారినా, కొంత కోత పడ్డా సరే గడువుకి ఆగకుండా తీసేసుకోవడం గురించి ఆలోచించండి.

వడ్డీ ఒక్క నెల ఆగినా ఫోన్లతో కాలక్షేపం చేయకండి. స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో లేఖ పంపండి, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోండి. సచేత్‌లో ఫిర్యాదు చేయండి. పోలీసులకు ఇచ్చే ఫిర్యాదులో 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం పేరు రాయండి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే పేపర్లో ప్రకటన వస్తుంది, అందులో ఇచ్చిన తేదీలోపు క్లెయిమ్ వేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, "బాండు ఇవ్వండి, కొత్తది ఇస్తాం" అని ఇంటికొచ్చినవాళ్లకు ఒరిజినల్ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. మా పిన్ని దగ్గరికీ అలాగే వచ్చారు. బీరువా తాళం కనిపించలేదని చెప్పి పంపేసింది. ఆ కాగితం చేతిలో ఉండబట్టే గడువులోపు క్లెయిమ్ వేయగలిగాం. డబ్బు ఇంకా రాలేదు, జాబితాలో మాత్రం ఆమె పేరుంది.